రాజలింగం రిజిస్టరులో మూడో గడి

సిరొంచలో బస్టాండు నుంచి తహసీలు కచేరీకి పోయే దారిలో రాజలింగానిది కిరాణా దుకాణం. చీపురు కట్టల నుంచి సారపప్పు దాకా, బడిపిల్లల డ్రాయింగు అట్టల నుంచి ఎలుకల మందు దాకా అన్నీ దొరుకుతాయి. అక్కడ దొరకని వస్తువు మనిషికి అవసరం లేనిదని ఆయన నమ్మకం. అరవైకి రెండేళ్ళు తక్కువ. పొట్టి మనిషి, ముఖానికి మించిన కళ్ళద్దాలు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కలాలు ఉంటాయి: నల్లది వ్యాపారానికి, ఎర్రది విద్యకు.

విద్య సంగతి తర్వాత. ముందు దుకాణం రాజ్యాంగం చెప్పుకోవాలి. రాజలింగం తండ్రి కాలం నుంచి దానిలో ఒకే ఒక అధికరణం ఉంది: వచ్చిన మనిషిది ఏ భాషైతే ఆ భాషలోనే జవాబు. మనిషి నోరు తెరవకముందే భాష పసిగట్టడం రాజలింగం ప్రత్యేక విద్వత్తు. వచ్చీ రాగానే వస్తువును చేత్తో తడిమి చూస్తే తెలుగు. దూరం నుంచి వేలు చూపి గడువు తేదీ అడిగితే మరాఠీ. ముందు బల్ల మీద కూర్చుని, దమ్ము తీసుకుని, ఇంట్లో అందరూ బాగున్నారా అని విచారించి, లేచి వెళ్ళబోతూ ఉప్పు అడిగితే గోండి.

నిజానికి ఇది ఒక్క దుకాణం మర్యాద కాదు, తెలుగు, మరాఠీ నేలలు కలిసే ఆ సరిహద్దు మొత్తానిది. ఇద్దరు తెలుగువాళ్ళు బస్సులో పక్కపక్కన కూర్చుని, ఎదుటివాడు మరాఠీ అనుకుని, అహేరి దాకా మరాఠీలోనే కష్టసుఖాలు మాట్లాడుకుని, దిగబోయే ముందు ఒకరికి ఇంటి నుంచి ఫోను రావడంతో బయటపడ్డ సందర్భాలు అక్కడ కొత్త కాదు. ఎవరూ సిగ్గుపడరు. నేను నిన్ను గౌరవించాను, నువ్వు నన్ను గౌరవించావు, భాష ఏదైతే ఏమిటని టీ తాగి విడిపోతారు.

ఇక విద్య. ఇరవై ఆరేళ్ళ కిందట నాగపూరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఫారెస్టు గార్డు ఒకడు దుకాణం ముందు నిలబడి, "తేల్ ద్యా, ఏక్ లీటర్" అన్నాడు. నూనె ఇవ్వమని దాని అర్థం. బియ్యం బస్తా మీద కూర్చున్న పల్లెటూరి ఆవిడ కాళ్ళు పైకి ముడుచుకుని, "లీటరు తేళ్ళా! ఏం జేస్కుంటడు?" అంది. అందరూ నవ్వి ఊరుకున్నారు. రాజలింగం ఊరుకోలేదు. ఆ సాయంత్రం ఒక లావుపాటి రిజిస్టరు తీసి, పేజీని మూడు గడులుగా గీసి, మొదటి మాట రాశాడు. మొదటి గడిలో తెలుగు: తేలు, కుట్టేది. రెండో గడిలో మరాఠీ, హిందీ: తేల్, వేయించేది. మూడో గడి గోండిది. దాన్ని ఖాళీగా ఉంచాడు.

అప్పటి నుంచి ఆయనకు అది పట్టుకుంది. ఊసు అంటే మనకు కబురు, మరాఠీవాళ్ళకు ఊస్ అంటే చెరకు. తూపు మనకు బాణం, తూప్ వాళ్ళకు నెయ్యి. వరి మనం రోజూ తినేది, వరీ వాళ్ళు ఉపవాసం నాడు తినే చిరుధాన్యం. రిజిస్టరులో చోటు దొరకడం సులభం కాదు. రూపం ఒకటై ఉండాలి, చుట్టరికం ఉండకూడదు. ఒకే బస్సులో ఒకే రంగు చొక్కా వేసుకుని ఎక్కిన ఇద్దరు అపరిచితుల్లా ఉండాలి. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు, హిందీలో మీఠా అంటే తీపి అని ఎవరో ఎంతో ఉత్సాహంగా చెబితే, ఆయన ఆరు నెలలు విచారణ జరిపి, రెండూ ఒకే కడుపున పుట్టి పోట్లాడుకుని విడిపోయినవని తేల్చి, దరఖాస్తు కొట్టివేశాడు.

"బెల్లానికి చీమలు వట్టినయ్, మీకు మాటలు వట్టినయ్," అనేది భార్య వనమాల. "చీమలనైతే దులపొచ్చు."

"నీకు తెల్వదే. ఇది రేపు పుస్తకమైతది."

"కానియ్యుండ్రి. ముందుగాల ఆమెకు పావుకిలో చక్కెర గట్టుండ్రి, అద్దగంట నుంచి నిలవడ్డది."

మూడో గడిని నింపింది లస్మయ్య. ఊరు పెర్మిలి, గోండు మనిషి. సిరొంచ అటవీశాఖ కలప డిపోలో ఏళ్ళ తరబడి వాచ్‌మన్. రోజూ పొద్దున పది గంటలకు రాజలింగం బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు. రాజలింగం ఎర్ర కలం తీసి, రాజ్యాంగం ప్రకారం తనకు వచ్చిన నాలుగు గోండి ముక్కల్లో పలకరించి, "లస్మన్నా, దీన్ని మీరేమంటరే?" అని అడిగేవాడు. లస్మయ్య కాసేపు ఆలోచించి, టీ ఒక గుక్క తాగి, మెల్లగా చెప్పేవాడు. అలా రెండు వందల పన్నెండు మాటలు వచ్చాయి. మూడేళ్ళ కిందట లస్మయ్య రిటైరై పెర్మిలికి వెళ్ళిపోయే నాటికి మూడో గడి నిండిపోయింది. రాజలింగం ఆయనకు శాలువా కప్పి దండ వేశాడు. లస్మయ్యకు ఎందుకో అర్థం కాలేదు కానీ, అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

ఈ ఏడు మార్చిలో రాజలింగం జాతకం తిరిగింది. చంద్రపూరులో ఏదో కాలేజీలో పాఠాలు చెప్పే కృష్ణకాంత్ అనే ఆయన నీళ్ళ సీసా కొనడానికి దుకాణానికి వచ్చి, రిజిస్టరు చూసి, రెండు బస్సులు వదులుకుని చదివాడు. వాళ్ళ సాహిత్య సంఘం ఏటా ఒక పుస్తకం అచ్చు వేస్తుందట. ఈసారి ఇదే వేద్దామన్నాడు. "మూడు భాషల గడులు! ముఖ్యంగా ఈ గోండి గడి. ఇసొంటిది ఎవ్వరు జెయ్యలె, రాజలింగంగారూ. ఏప్రిల్ ఇర్వై వరకు సాపు ప్రతి తయారు వెట్టుండ్రి. నేనే అచ్చి తీస్కపోత."

రాజలింగం ఆ రోజు పప్పు అడిగినవారికి ఉప్పు, ఉప్పు అడిగినవారికి చిరునవ్వు ఇచ్చాడు.

ఏప్రిల్ మొదటి వారంలో సుష్మ అట్టలు కొనడానికి వచ్చింది. ఇంటిపేరు ఆత్రం. జిల్లా పరిషత్తు బడిలో కొత్త టీచరు, భామ్రాగడ్ వైపు గోండుల అమ్మాయి. రాజలింగం ఆమెకు కుర్చీ వేసి, రిజిస్టరు ముందు పెట్టి, మూడో గడి మీద వేలు పెట్టి, పొగడ్తకు సిద్ధంగా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. సుష్మ ఒక పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. పెదవులు బిగబట్టింది. మూడో పేజీలో ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"కాకా, గిది ఎవలు జెప్పిండ్రు మీకు?"

"లస్మయ్యని, పెర్మిలి మనిషే. ఎందుకు బిడ్డా?"

"గిది దుకాణం గోండి కాకా! తెలుగు మాటకు తోక గోసి మీకిచ్చిండు. ఊరును 'ఊర్' అంటమా మేము? నీళ్ళను 'నీల్' అంటమా?"

"మరేమంటరు?"

"నీళ్ళు ఏర్. ఊరు నార్."

రాజలింగం చేతిలో కళ్ళద్దాలు చేతిలోనే ఉండిపోయాయి. నలభై ఒకటో పేజీ తీశాడు. మొదటి గడిలో నార, తెలుగు, గోగునార లాంటిది. రెండో గడిలో నార్, మరాఠీ, ఆడమనిషి. మూడో గడిలో 'గోండిలో లేదు' అని రాసి, ఎర్ర కలంతో కింద రెండు గీతలు గీసి ఉంది. మూడు భాషల్లో మూడు వేరు వేరు ఇళ్ళలో పుట్టిన ఒకే ముఖం. అలాంటిది ఒక్కటైనా దొరకాలని ఇరవై ఆరేళ్ళు వెతికాడు. రోజూ పది గంటలకు అది తన బల్ల మీదే కూర్చుని టీ తాగి వెళ్ళింది.

"మొత్తం తప్పేనా బిడ్డా?"

"అదే కదా కాకా చిక్కు. పాలను మేం సుత పాల్ అంటం. అది నిజమే. కొన్ని నిజంగ ఒక్కటే, కొన్ని మీకోసం ఒక్కటైనయ్. ఏది ఏదో చెప్పెటందుకు నాకు రాదు. నేను ఆరేండ్లకే ఆశ్రమశాల హాస్టల్‌ల వడ్డ. నా గోండి ఆరేండ్ల పోరిదే. పెర్మిలికి పోయి ముసలోళ్ళను అడుగుండ్రి."

ఆ రోజు రాజలింగం మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. వనమాల మొదట ఎకసెక్కం ఆడుదామనుకుంది కానీ, ఆయన ముఖం చూసి మానుకుంది.

"ఇప్పుడేమైతదంటరు?"

"ఏమైతది? రెండు వందల పన్నెండు అబద్ధాలు నా పేరు మీద అచ్చయితయ్. ఇయ్యాల టీచరమ్మ నవ్వింది, రేపు భామ్రాగడ్ దాకా నవ్వుతరు. సావుకారి గోండి అని."

"పోయి రాండ్రి మరి. దుకాణం నేను జూస్కుంట. నాకు గోండి రాకున్నా తూకం వస్తది."

తెల్లవారి రాజలింగం రిజిస్టరును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ప్రభుత్వ బస్సెక్కి, ఆలాపల్లిలో దిగి, భామ్రాగడ్ బస్సు పట్టుకుని పెర్మిలి చేరాడు. లస్మయ్య అతన్ని చూసి ఆనందంతో మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చాడు.

"ఎందుకిట్ల జేసినవ్ లస్మన్నా? నా బతుకు ఆగం జేసినవ్ కదనే!"

విషయం విని లస్మయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "నువ్వు మంచిగ టీ పోసి అడుగుతివి సావుకారీ. నీకు నోరు తిర్గని మాట జెప్పి నిన్ను పరేషాన్ జెయ్యాల్నా? నువ్వు మా మాట మాట్లాడవడితివి, నేను నీ మాట మాట్లాడితి. గంతే."

 తన దుకాణం రాజ్యాంగాన్ని తన మీదే, తన కంటే నిష్ఠగా అమలు చేశారని రాజలింగానికి అర్థమైంది. దీని మీద అప్పీలు లేదు.

"సరే. ఇప్పుడన్న నిజం చెప్పు."

"చెప్త. కని నేను ముప్పై ఏండ్లు సిరొంచలనే ఉంటి. నా నోట్ల సుత అన్నీ కలిసిపోయినయ్. మా అక్కను అడుగు. పోచక్క ఊరు దాటలె. ఆమెది అసలు మాట."

పోచక్కకు డెబ్భై దాటాయి, గొంతుకు మాత్రం ఇరవై. ఇంటి వెనక ఎవరి మీదో గోండిలో గట్టిగా అరుస్తోంది. రాజలింగం ఆశగా రిజిస్టరు తెరిచి అటు నడిచాడు. అతన్ని చూడగానే ఆమె ఆగి, కొంగు సర్దుకుని, చక్కని తెలుగులో, "బాగున్నవా సావుకారీ? కూసో. ఎండల వడి అచ్చినవ్," అంది.

"అమ్మా, నాతోని గోండిల మాట్లాడు."

"అయ్యో, గట్లెట్ల? చుట్టానివి."

రెండు రోజులు అదే తంతు. బావి దగ్గర ఆడవాళ్ళు గోండిలో గలగల మాట్లాడుకుంటుంటారు. రాజలింగం ఇరవై అడుగుల దూరంలోకి రాగానే, ఎవరో స్విచ్చి నొక్కినట్లు తెలుగులోకి మారిపోతారు. గోడ చాటున నిలబడి విందామనుకుంటే, ఎండలో నిలబడ్డాడని జాలిపడి లోపలికి పిలిచి, మంచం వేసి, తెలుగులో మాట్లాడారు. బడిపిల్లలు ఇంకొక మెట్టు పైకి వెళ్ళి మరాఠీలో నమస్కారాలు పెట్టారు. ఊరంతటిలో అతనితో మర్యాద పాటించనిది లస్మయ్య ఇంటి కుక్క ఒక్కటే. అది మొరిగింది కానీ, ఆ భాషకు రిజిస్టరులో గడి లేదు.

"మా మాట ఇంట్ల మనిషికే సావుకారీ," అన్నాడు లస్మయ్య అనునయంగా. "చుట్టంతోని మాట్లాడితే సిగ్గుతక్కువైతది."

"ఇంట్ల మనిషి ఎట్లయితరే?"

 "పుట్టాలె," అన్నాడు లస్మయ్య.

మూడో రోజు పొద్దున రాజలింగం తీవ్రంగా ఆలోచిస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని, పెరట్లో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పచార్లు చేస్తున్నాడు. ఆలోచనాపరులు నేల చూడరు. ఆ నేల మీద, పేడతో శుభ్రంగా అలికిన చోట, పోచక్క నాలుగు రోజులుగా చీకటితో లేచి అడవికి వెళ్ళి ఏరుకొచ్చిన ఇప్పపువ్వు ఎండుతోంది. రాజలింగం తోలు చెప్పులతో దాని మీద ఏడెనిమిది సార్లు తిరిగాక, తట్టతో వచ్చిన పోచక్క చూసింది.

తట్ట కింద పడింది. ఆ తర్వాత వెలువడినదాన్ని తిట్టు అనడం న్యాయం కాదు. అది వర్షాకాలంలో వాగు రావడం లాంటిది. ముందు చిన్న చప్పుడు, ఆ తర్వాత గట్లు లేవు. అతని కాళ్ళు, చెప్పులు, కళ్ళద్దాలు, పెంచిన తల్లి, వచ్చిన దారి, ఒక్కొక్కటీ విడివిడిగా విచారణకు వచ్చాయి. ఒక్క తెలుగు ముక్క లేదు. ఒక్క మాటకూ తోక కోసి లేదు.

రాజలింగం ముఖం వెలిగిపోయింది. "ఆగకు అక్కా," అన్నాడు ఎర్ర కలం తీస్తూ. "జర మెల్లగ!"

దాంతో ఆమెకు కోపం రెట్టింపైంది. అతనికి మేలే జరిగింది.

చప్పుడు విని వచ్చిన లస్మయ్య గడప దగ్గరే కూలబడి కడుపు పట్టుకున్నాడు. "ఇగ నువ్వు చుట్టానివి గాదు సావుకారీ. మా అక్క గిట్ల ఇంట్లోళ్ళనే తిడ్తది."

తప్పు చేసిన మనిషి పరిహారం చెల్లించాలి. నలిగిన పువ్వుకు బదులు పువ్వు ఏరాలని పోచక్క తీర్పు. నలభై ఏళ్ళుగా గల్లా పెట్టె వెనక నుంచి కదలని రాజలింగం మర్నాడు చీకటితో లేచి, బుట్ట పట్టుకుని, ఆమె వెనక అడవికి నడిచాడు. అతనంత చేతకాని కూలీని పెర్మిలి ఎప్పుడూ చూసి ఉండదు. మట్టితో కలిపి ఏరేవాడు. నిండిన బుట్టను ఒలకబోసేవాడు. ఒక చోట ఏరమంటే ఇంకో చోట ఏరేవాడు. చేతకాని పనివాడికి అన్నీ చెప్పాలి. అది చెట్టు, ఇది ఆకు, అవతలిది రాయి, దాని మీద కూర్చోకు, కింద చీమలున్నాయి. కోపంలో ఉన్న మనిషి చుట్టం భాషలో చెప్పదు. మధ్యాహ్నం చెట్టు నీడలో కూర్చుని, వేళ్ళు నొప్పి పుడుతుండగా, అతను మూడో గడిలో కొట్టివేతలు మొదలుపెట్టేవాడు.

లోన్ అంటే ఇక్కడి గోండిలో ఇల్లు. మన దగ్గర లోను లేనిదే ఇల్లు రాదు, ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. నెయ్ అంటే కుక్క. ఈ రెండోది పోచక్క ప్రత్యేకంగా అతన్ని ఉద్దేశించి మూడు సార్లు చెప్పింది కనుక, ఉచ్చారణ గురించి అనుమానం లేదు. ఒక్కో మాటా పొద్దునొకసారి తిట్టులో, సాయంత్రమొకసారి పనిలో, రెండు సార్లు వినబడితేనే రాసుకున్నాడు. ఎనిమిది రోజుల్లో డెబ్భై మూడు మాటలు తేలాయి. నలభై ఐదు మర్యాదవి, కొట్టేశాడు. మిగతావి నిజంగానే చుట్టాలు. ఇంకా నూట ముప్పై తొమ్మిది మిగిలాయి. ఇప్పపువ్వు రాలడం మాత్రం తగ్గిపోతోంది.

పంతొమ్మిదో తేదీన, ఊరి చివర సిగ్నలు దొరికే ఒకే ఒక్క బండ మీద నిలబడి కృష్ణకాంత్‌కు ఫోను చేశాడు.

"సర్, గోండి గడి సగానికన్న ఎక్కువ బాకీ ఉన్నది. ఇంకో ఏడాది కావాలె."

"ఏడాదా! రాజలింగంగారూ, ప్రెస్సుకు తేది ఇచ్చినం. వచ్చే ఏడు వేరే పుస్తకం అనుకున్నరు మావోళ్ళు. మళ్ళ మీ వంతు ఎప్పుడొస్తదో నేను చెప్పలేను."

"కొన్ని తప్పులున్నయ్ సర్."

"ఉండనియ్యుండ్రి. తెలుగు, మరాఠీ గడులు బంగారం. గోండి గడి ఎవరు చూడొచ్చిండ్రు? చదివేటోళ్ళకు గోండి రాదు, గోండి వచ్చినోళ్ళు చదవరు."

 రాజలింగానికి అట్ట మీద తన పేరు అచ్చులో కనబడింది. చంద్రపూరులో సభ, దండలు, మొదటి వరుసలో వనమాల. ఆ మాటల్లో తప్పు కూడా పెద్దగా లేదు. మూడో గడి ఎవరు చూస్తారు? సుష్మ చూస్తుంది. ఒక పేజీ చదువుతుంది, రెండో పేజీ చదువుతుంది, పెదవులు బిగబట్టుకుంటుంది.

వెనక నుంచి పోచక్క కేక వినబడింది. ఎండిన పువ్వు బస్తాలకెత్తాలి, కూలీ బండ మీదకెక్కి నిలబడ్డాడు.

"ఏంది ఆ లొల్లి?" అన్నాడు కృష్ణకాంత్.

"నన్నే సర్. పిలుస్తున్నరు. మీరు ఆ వేరే పుస్తకమే ఎయ్యుండ్రి. నాకు పనున్నది," అని ఫోను పెట్టేశాడు. బండ దిగేటప్పుడు రెండు సార్లు వెనక్కి తిరిగి చూశాడు. అది సిగ్నలు ఇంకా ఉందో లేదో చూడటానికేనని తర్వాత వనమాలకు చెప్పాడు.

మర్నాడు దుకాణం పిలుపు వచ్చింది. వనమాల ఎన్ని రోజులని చూస్తుంది? రాజలింగం సంచి సర్దుకున్నాడు. లస్మయ్య, పోచక్క బస్సు దాకా వచ్చారు. దారి పొడుగునా అతనికి ఒకటే భయం. ప్రయాణమయ్యే మనిషి మళ్ళీ చుట్టమే కదా. పోచక్క ఇప్పుడు కొంగు సర్దుకుని చక్కని తెలుగులో "పోయి రా సావుకారీ" అంటే తన పది రోజుల చాకిరీ నీటిపాలైనట్లే. మళ్ళీ వచ్చి మళ్ళీ పువ్వు తొక్కాలి.

భామ్రాగడ్ వైపు నుంచి బస్సు వచ్చి ఆగింది.  అతను ఎక్కాడు, కిటికీ పక్కన కూర్చున్నాడు. పోచక్క కిటికీ కిందకు వచ్చి, ఒక మూట పైకి విసిరి, నోరు తెరిచింది. ఇంటి ముందర వేలాడదీసిన అతని తువ్వాల మరిచిపోయాడట. చెంబు తీసుకోలేదట. దారిలో తినమని పెట్టిన రొట్టె సంగతి తాను చెప్పకపోతే అదీ మరిచేవాడట. ఈసారి వచ్చేటప్పుడు ఆ చెప్పులు ఇంటి దగ్గరే వదిలి రావాలట. గోండిలో, ఊపిరి తీసుకోకుండా.

కండక్టరు రెండు సార్లు గంట కొట్టినా, డ్రైవరు ఇంజను రేగగొట్టినా ఆ ప్రవాహం ఆగలేదు. "చలా, చలా, ఉశీర్ హోతోయ్!" అని కండక్టరు ఆలస్యమవుతోందని విసుక్కుంటూ తలుపు వేయబోయాడు.

రాజలింగం కిటికీలోంచి తల తిప్పకుండానే, చెయ్యి ఎత్తి, నిర్దుష్టమైన మరాఠీలో, జర ఆగమని, ఆమెది ఇంకా అయిపోలేదని అతనికి చెప్పాడు.